తెల్లరాతి ఊపిరి

రాతిపొడి మిల్లు, హరిద్వార్ రోడ్డు
ఏప్రిల్ 11

దీదీ,

నిన్న నీ ఆశ్రమానికి వచ్చి నీ ముందు కూర్చుని మాట్లాడాను. నువ్వు మాట్లాడలేదు. గేటు దగ్గర కాషాయం కండువావాడు ముందే చెప్పాడులే: "మాతాజీ ఈ వారం మౌనంలో ఉన్నారు. మీరు చెప్పుకోండి, ఆవిడ వింటారు." మాతాజీ! చెప్పుల్లేకుండా మేకల వెంట బూతులు తిడుతూ పరిగెత్తే మా గోదాంబరి మాతాజీ అయింది! నవ్వొచ్చింది. నవ్వబోతే దగ్గొచ్చింది.

ఎదురుగా గోడ ఉంటే కనీసం గుద్దొచ్చు. నువ్వు చిరునవ్వు నవ్వే గోడలా కూర్చున్నావు. దగ్గు ఆగకపోతే మాత్రం లేచొచ్చి నా వీపు మీద అరచెయ్యి పెట్టావు. మొత్తం ఆశ్రమంలో ఆ చెయ్యి ఒక్కటే నాకు తెలిసింది.

తిరిగొస్తుంటే వంతెన మీద ఒకటే ఆలోచన. అత్తారింట్లో నువ్వు ఏళ్ల తరబడి నోరెత్తకుండా బతికావు, దాన్నెవడూ మౌనవ్రతం అనలేదే? మన పొయ్యి మీద ఏమీ లేక నీళ్లు తాగి పడుకుంటే ఆకలి. అక్కడ డబ్బున్నవాళ్లొచ్చి నీళ్లు తాగి పడుకుంటే ఉపవాసం. గడ్డి మోపు కోసం కోడి కూయకముందే లేస్తే చాకిరీ, అదే వేళకి మెత్తటి చాప మీద లేస్తే బ్రాహ్మీ ముహూర్తం. నాకు చదువు లేదు, టీ కొట్టు పొట్లాల కాగితాలు చదివి నేర్చుకున్నవాణ్ణి. నా లెక్క తప్పైతే చెప్పు.

నేను బాగానే ఉన్నాను. దగ్గు ఒక్కటే. మిల్లులో అందరికీ ఉంది. తెల్లరాయిని పొడి చేసి గాజు ఫ్యాక్టరీలకి పంపుతాం కదా, ఆ పొడి గొంతులో పడుతుంది. షిఫ్ట్ అయ్యాక బెల్లం ముక్క ఇస్తారు. బెల్లం తింటే పొడి కడుపులోకి జారిపోతుందట. పక్క మర మీద ఇక్రమ్ అని సహారన్‌పూర్‌వాడు ఉన్నాడు. "సేఠ్ మనకి బెల్లం పెడుతున్నాడురా, వాళ్లింట్లో గేదెక్కూడా పెట్టడు" అంటాడు. వాడు లేకపోతే ఎప్పుడో పారిపోయేవాణ్ణి. పొడిని లాగేసే యంత్రం పెట్టించమని, రాయి మీద నీళ్లు చల్లించమని అందరం కలిసి అడుగుతున్నాం. చూడాలి.

ఈసారి నోరున్న వారం ఏదో చెప్పు, వస్తాను.

నీ తమ్ముడు
సోబన్


త్రిపథ సాధనా కేంద్రం, గంగ అవతలి ఒడ్డు
ఏప్రిల్ 24

భులా,

మన కొండ మీద తమ్ముణ్ణి పిలిచే ఈ మాట పలికి ఎన్నాళ్లయిందో. ఇక్కడ అందరూ "జీ". నీ ఉత్తరం చదువుతూ వంటింట్లో పడిపడి నవ్వాను. మేకల సంగతి ఇంకెవరికైనా చెప్పావో, చంపుతాను.

నేను మాట్లాడకపోతే నీకు కోపం, నాకు తెలుసు. కానీ నేనేం పోగొట్టుకున్నానో నీకు తెలుసుగాని, ఇక్కడేం దొరికిందో తెలీదు. మీ బావ ఇంట్లోంచి గెంటేశాక ఈ ఆశ్రమంలో గిన్నెలు తోమడానికి చేరాను. ఒకరోజు ఆచార్యజీ చూసి, "నీ వెన్ను ఇంత నిటారుగా ఎలా ఉందమ్మా?" అన్నారు. "నీళ్ల బిందెలు మోశానండీ" అన్నాను. ఆయన నన్ను తీసుకెళ్లి వరసలో పడుకోబెట్టి, "ఏమీ చెయ్యకు" అన్నారు. భులా, పుట్టినప్పట్నుంచీ నన్నెవరూ ఏమీ చెయ్యొద్దనలేదు. కళ్లమ్మట నీళ్లు చెవుల్లోకి కారిపోయాయి. ఈ ఒళ్లు నాదని ఆరోజు తెలిసింది. నీ లెక్క తప్పు కాదు. ఆకలీ ఉపవాసమూ ఒకటే కావచ్చు. "వద్దు" అని నేనే అనడం మాత్రం వేరు.

అందుకే శివరాత్రినాడు గంగలో నిలబడి మాటిచ్చాను, మళ్లీ శివరాత్రి దాకా వంతెన దాటి మీ వైపు, ఇవతలి ఒడ్డుకి రానని. ఫోనూ ఇచ్చేశాను. ఏడాది నిండితే నన్ను ఆచార్యురాలిగా కూర్చోబెడతారు. మధ్యలో దాటితే చేసిందంతా నీళ్లపాలు, మళ్లీ గిన్నెలే.

నీ దగ్గుకి మందు నా దగ్గరుంది. భస్త్రిక. కమ్మరి కొలిమితిత్తి చూశావుగా, అలా. నిటారుగా కూర్చుని పొట్ట కదిలేలా బలంగా పీల్చు, బలంగా వదులు. మొదట్లో కఫం పడుతుంది. భయపడకు, లోపలి మురికి బయటికొస్తోందన్నమాట. ఇంకోటి, గదిలో ఒంటరిగా కాదు, పని చేసే చోటే చెయ్యి. సాధన అటక మీద పెట్టుకునే సామాను కాదు, చేసే పనిలో కలిసిపోవాలని ఆచార్యజీ అంటారు. ఒళ్లూ మనసూ ఆత్మా మూడూ కలిసేది అక్కడేనట.

పొడి గురించి బెంగపడకు. మన వాగు మీద నీటిమర తిప్పే తాత గుర్తున్నాడా? కనుబొమ్మల నిండా పిండే. అయినా ఎంత ముసలయ్యాక పోయాడు!

రాగి రొట్టె తింటున్నావా?

అక్క
గోదాంబరి


మిల్లు
జూన్ 5

దీదీ,

చేశాను. నీ మాట కాదనలేక చేశాను, నమ్మి కాదు.

షిఫ్ట్ మొదలవగానే, రాళ్లు పోసి మరలు తిప్పాక, బస్తాల మీద కాళ్లు మడిచి కూర్చుని మొదలెట్టా. ఇక్రమ్ చూసి, "ఏమైందిరా, గుడ్డు పెడుతున్నావా?" అన్నాడు. అందరూ ఒకటే నవ్వు. రెండోరోజు వాడే పక్కన కూర్చున్నాడు. "అల్లా కూడా గాలి పీల్చొద్దనలేదు, పీల్చేద్దాం పద" అని. ఇప్పుడు షెడ్డులో సగంమంది చేస్తున్నాం. మరల చప్పుడుకి లయగా ఊపిరి. నీకు చూపించాలనిపించింది.

నిజం చెప్తున్నా, ఒప్పుకోవడానికి ఒళ్లుమంటగా ఉంది గాని, మొదటి వారం బాగుంది. తల తేలిగ్గా అయ్యింది. రాత్రి మేనేజర్ మొహం కలలోకి రాకుండా పడుకున్నాను. మనం కొండెక్కేటప్పుడు నువ్వు నన్ను ముందు నడిపించి, "అడుగుకో ఊపిరి, అడుగుకో ఊపిరి" అనేదానివి, అది గుర్తొచ్చింది. కఫం కూడా నువ్వన్నట్టే పడుతోంది. బూడిదరంగులో ఉంది. మురికేనా అది?

సేఠ్ ఒకరోజు వచ్చి చూశాడు. ఫోన్‌లో వీడియో తీసుకుని పోయాడు.

సోబన్


త్రిపథ
జూలై 19

భులా,

గంగనీళ్లు మోసుకుపోయే కావడి యాత్రికులతో ఊరంతా కాషాయమే. ఈ ఒడ్డు మీద నిద్ర లేదు, మైకుల మోత. అయినా ఎంత సంతోషంగా ఉన్నానో!

నీ ఉత్తరం ఆచార్యజీకి చదివి వినిపించాను. ఆయన కళ్లు మూసుకుని విని, "ఆ మిల్లు సేఠ్ మనవాడే, ప్రతి పౌర్ణమికీ వస్తాడు" అన్నారు. ఆ సేఠ్ నీ వీడియో ఆయనకి ఎప్పుడో చూపించాడట! ఇప్పుడు ఇద్దరూ కలిసి కూలీల కోసం ఒక కార్యక్రమం పెడుతున్నారు. శరీరం, మనసు, ఆత్మ, మూడింటికీ. మీ మిల్లుతో మొదలు. రోజూ చేయించడానికి ఒక శిష్యుణ్ణి పంపుతారు. వచ్చే శివరాత్రికి నా ఏడాది నిండగానే దాని పెద్ద నేనే. గిన్నెలు తోమిన గోదాంబరి! అదంతా నీ వల్లే.

కఫం మురికేలే. పడనీ. ఎక్కువగా పీల్చు.

ఆ ఇక్రమ్‌కి నా ఆశీస్సులు చెప్పు. గుడ్డు పెట్టాక నాకూ పంపమను.

అక్క


మిల్లు
ఆగస్టు 30

గోదాంబరి గారికి,

మాతాజీ అనాలేమో. క్షమించండి, కూలీవాణ్ణి, మర్యాదలు తెలీవు.

మీ శిష్యుడు వచ్చాడు. ముక్కుకి గుడ్డ కట్టుకుని వచ్చి మమ్మల్ని మాత్రం గుడ్డలు తీసెయ్యమన్నాడు. గుడ్డ ఉంటే ప్రాణశక్తి లోపలికి పోదట. ఇప్పుడిది అందరికీ తప్పనిసరి. కూర్చోకపోతే ఆరోజు కూలి లేదు. మరలు ఆపరు, ఆపితే నష్టం. ఆ దుమ్ములోనే వరసగా కూర్చోబెట్టి కొలిమితిత్తుల్లా ఊదిస్తున్నారు.

పొడి లాగే యంత్రం గురించి మళ్లీ అడగడానికి వెళ్లాం. మేనేజర్ ఏమన్నాడో వినండి. "బయటి గాలి సంగతి తర్వాత, ముందు లోపలి గాలి బాగు చేసుకోండి. సోబన్, మీ అక్కే కదయ్యా చెప్పింది? ఆవిడకన్నా నీకెక్కువ తెలుసా?" అందరూ నా వైపు తిరిగి చూశారు. ఆ చూపు మీరు చూడాల్సింది. యంత్రం బదులు మా అక్క వచ్చింది. యంత్రానికైతే డబ్బు ఖర్చు, అక్క ఊరికే వస్తుంది.

నా ఉత్తరాన్ని తీసుకెళ్లి వాళ్లకి పళ్లెంలో పెట్టి ఇచ్చారు. పెద్ద పదవి వస్తుందిగా, మంచిదే.

ఇక్రమ్ పదడుగులు నడిస్తే కూలబడుతున్నాడు. టీబీ అని మాత్రలిచ్చారు. మింగుతున్నాడు. ఏం తగ్గలేదు. మీ ఆశీస్సులు చెప్పాను. "గుడ్డు లోపలే రాయైందని చెప్పు" అన్నాడు.

సోబన్ సింగ్


త్రిపథ
సెప్టెంబర్ 16

సోబన్,

"గోదాంబరి గారికి" అన్న దగ్గరే ఆగిపోయి, మిగతాది మర్నాడు చదివాను.

నిన్ను వీపుకి కట్టుకుని కొండలు దిగినదాన్ని. పదవి కోసం నిన్ను అమ్ముకుంటానా? అంత మాట ఎలా రాశావు? చిన్నప్పట్నుంచీ నీకు కోపమే. రాయి కాలికి తగిలితే రాయిని తన్ని ఇంకో వేలు విరగ్గొట్టుకునేవాడివి. ఆచార్యజీని అడిగాను. "కోపం ఉన్న ఛాతీలో ఊపిరి నిలవదు, మీ తమ్ముడు యంత్రం కోసం చూస్తున్నాడు, లోపలికి చూడటంలేదు" అన్నారు. నాకూ నిజమేననిపించింది. ఇక్రమ్ మధ్యలో మానేశాడేమో కనుక్కో. సగంలో మానితేనే ప్రమాదం.

నా జన్మకి ఒక్కటే దొరికింది సోబన్. మొగుడు కాదు, పిల్లలు కాదు, ఇల్లు కాదు. ఈ ఊపిరి. అదీ అబద్ధమంటే నేనెక్కడికి పోవాలి? కోపం తగ్గాక రాయి.

ఒక్క మాట మాత్రం నిజంగా అడుగుతున్నాను. ఆ పొడి నీటిమర పిండిలాంటిదే కదా? దులుపుకుంటే పోతుంది కదా?

అక్క


డెహ్రాడూన్, ఆసుపత్రి
నవంబర్ 22

దీదీ,

ఇక్రమ్ పోయాడు.

మానలేదు వాడు. చివరిదాకా చేశాడు. ఇంటి దగ్గర మంచం మీద కూర్చుని కూడా చేశాడట, "సోబన్ వాళ్లక్క చెప్పింది" అని. వాళ్లావిడ చెప్పింది నాకు. తిడుతుందనుకుని వెళ్లాను. తిట్టలేదు. నీళ్లిచ్చింది. చివరి స్నానం చేయించేటప్పుడు పక్కటెముకలు ఒక్కొక్కటీ కనిపించాయి. నవ్వించేవాడు కూడా పోయాక ఇంత తేలికైపోతాడని నాకు తెలీదు.

నాకూ ఆయాసం ఎక్కువైతే ఇక్కడికి తెచ్చి పడేశారు. డాక్టరమ్మ చిన్నది, నా వయసే ఉంటుంది. ఎక్స్‌రే వెలుతురుకి పెట్టి, "ఏం పని చేస్తావు?" అంది. ఇన్నాళ్లుగా ఎందరికో చూపించుకున్నాను, ఎవడూ అది అడగలేదు. చెప్పాను. ఇది టీబీ కాదు, సిలికోసిస్ అంది. రాతిపొడి ఊపిరితిత్తుల్లో దిగి అక్కడే ఉండిపోతుంది. దాని చుట్టూ కండ గట్టిపడిపోతుంది. బెల్లానికి రాదు, మందుకి రాదు. భస్త్రిక సంగతీ చెప్పాను. "దుమ్ములో కూర్చునా? గుడ్డ కూడా లేకుండా?" అని రెండుసార్లు అడిగింది. కుర్చీలో వెనక్కి వాలిపోయింది. ఐదేళ్లుగా పీల్చిందే చాలు, ఆ పైన ఇదీ తోడైందంది.

ఎన్నాళ్లని అడిగితే, మిల్లు మొహం చూడొద్దంది. అంటే నాకు అర్థమైంది.

నువ్వు అడిగినదానికి జవాబు ఈ కవర్లోనే ఉంది. నా మిల్లు చొక్కా దులిపి కట్టిన పొట్లం, జాగ్రత్తగా విప్పు. ఊదకు. వాసన చూడకు. వేళ్ల మధ్య పెట్టి రుద్దు. పిండేనేమో నువ్వే చెప్పు.

సోబన్


హరిద్వార్, గంగ ఇవతలి ఒడ్డు
డిసెంబర్ 18

భులా,

పైన రాసింది చూశావుగా. ఇవతలి ఒడ్డు.

నీ పొట్లం విప్పి రుద్దాను. మెత్తగా ఉంది మొదట. రుద్దగా రుద్దగా వేలి చర్మం ఎర్రబడింది. నా ఇత్తడి చెంబు మీద వేసి గుడ్డతో తుడిచాను. చెంబంతా గీతలు. ఇత్తడి మీదే గీతలు పడితే! ఆ చెంబు తీసుకెళ్లి ఆచార్యజీ ముందు పెట్టాను. చెంబు వైపు చూశారు, నా వైపు చూశారు. "సేఠ్ కొత్త ధ్యానమందిరం కట్టిస్తున్నాడమ్మా" అన్నారు. అంతే. లోపలికెళ్లిపోయారు. ఆయనకి ముందే తెలుసు భులా. మన నీటిమర తాతని పట్టుకుని వేలాడింది నేనొక్కదాన్నే.

మర్నాడు మీ మిల్లులో ఆ కూలీల కార్యక్రమం పేరిట వేడుక. పెద్దవాళ్లు వస్తున్నారు, నా బదులు ఇంకో శిష్యురాలు చేయించాలి. నేను తెల్లవారకముందే లేచి వంతెన దాటాను. మధ్యలో ఒక్కసారి ఆగాను. కింద నీళ్లు అలాగే పోతున్నాయి. ఏమీ కాలేదు.

షెడ్డు చూశాను. నేల కడిగించారు, తివాచీలు పరిచారు, మరల మీద పూలదండలు వేశారు. సేఠ్, ఆఫీసర్లు, ఆచార్యజీ, అందరూ తెల్లబట్టల్లో. నన్ను చూసి ఆచార్యజీ మొహం మారింది గాని, సేఠ్‌కి ఏమీ తెలీదు. "అరే, సోబన్ వాళ్లక్క! మాతాజీయే స్వయంగా!" అని పీట వేయించాడు. కూర్చున్నాను. అందర్నీ నిటారుగా కూర్చోమన్నాను. కళ్లు మూసుకోమన్నాను. తర్వాత మర దగ్గరున్న మనిషితో అన్నాను: "భయ్యా, రోజూ ఎలా చేస్తారో ఇవాళా అలాగే చేద్దాం. రాళ్లు పొయ్, మర తిప్పు."

మేనేజర్ పరిగెత్తుకొచ్చాడు. "మాతాజీ, ఇవాళ వేడుక కదా, ఇవాళొద్దు!"

"సాధన పనిలో కలవాలి కదండీ. ఆచార్యజీ మాటే."

ఆ మర తిప్పే మనిషి నన్ను చూశాడు, సేఠ్‌ని చూశాడు. "ఇక్రమ్ కోసం" అని గొణిగి మీట నొక్కేశాడు.

భులా, నేను చూడలేదు ఇన్నాళ్లూ. తెల్లటి మేఘంలాగా లేచింది. "బలంగా పీల్చండి" అన్నాను. ఒక్కడూ పీల్చలేదు. ఆఫీసర్లు కర్చీఫులు తీశారు. ఆచార్యజీ శాలువా ముక్కుకి అడ్డం పెట్టుకున్నారు. "గుడ్డ తీసెయ్యండి ఆచార్యజీ, ప్రాణశక్తి లోపలికి పోదు" అన్నాను. లేచి పరిగెత్తారు. తెల్లబట్టలవాళ్లంతా ఒకరి మీద ఒకరు పడుతూ. వెనక వరసల్లో మీవాళ్లు మాత్రం కదల్లేదు, అలవాటుగా కూర్చునే ఉన్నారు. అది చూసి నాకు ఏడుపొచ్చింది. నేనే లేచి మర ఆపమన్నాను.

ఏదో అయిపోతుందనుకున్నాను. ఏమీ కాలేదు. వేడుక ఆగింది. కార్యక్రమం ఎత్తేశారు. మర తిప్పినవాణ్ణి పనిలోంచి తీసేశారు. మిల్లు మాత్రం సోమవారం నుంచి మామూలే. పొడి లాగే యంత్రం లేదు. బెల్లం ఇస్తున్నారు.

ఆశ్రమంలో నా మూట గేటు బయట పెట్టారు. ఇక్కడ ధర్మశాలలో గిన్నెలు తోముతున్నాను.

ఎక్కువగా పీల్చు అని రాసింది నేనే. ఆ అక్షరాలు నా చేతివే. నిన్ను క్షమించమని అడగను, అడిగితే నువ్వు క్షమించేస్తావు. ఇప్పుడు నాకు ఊపిరి తీసుకోవడమంటే భయంగా ఉంది. పొద్దున్నే మెలకువొస్తుంది, ఒళ్లు దానంతటదే నిటారుగా కూర్చుంటుంది, కూర్చుని ఏం చెయ్యాలో తెలీదు.

రావచ్చా?

గోదాంబరి


డెహ్రాడూన్, ఆసుపత్రి
జనవరి 7

దీదీ,

ఆచార్యజీ పరిగెత్తిన దగ్గర నవ్వాను. నవ్వినందుకు ఆక్సిజన్ గొట్టం పెట్టారు. అయినా సరే, మళ్లీ రాయి ఆ ముక్క, ఇంకా వివరంగా. ఏ చెప్పు ముందు ఊడిందో కూడా.

మర తిప్పిన ఆ మనిషి పేరు హర్‌పాల్. ఎక్కడున్నాడో కనుక్కో, ఇక్రమ్ వాళ్లావిడతో మాట్లాడించు. డాక్టరమ్మ కాగితం రాసిస్తానంది, మా జబ్బు మిల్లు వల్లేనని. నాకు ఉపయోగపడదులే. మిగతావాళ్లకి. నా కోపం ఇంకా అలాగే ఉంది, ఛాతీలో చోటు లేకపోయినా. ఆచార్యజీకి చెప్పు, ఊపిరి కాదుగాని కోపం నిలిచిందని.

ఇక నీ సంగతి. ఏడవకుండా విను. నువ్వు నన్ను చంపలేదు. నేను నీ ఉత్తరం రాకముందే ఆ పొడి తిన్నవాణ్ణి. నువ్వు నీకు దొరికిన మంచిదాన్ని నాకు పంపావు, ఇంట్లో రాగి రొట్టె నీ వాటాలోంచి విరిచి పెట్టినట్టు. దాన్ని దుమ్ములో పడేసింది వాళ్లు. నీ ఒళ్లు నీదని నీకు తెలిసింది చూడు, అదొక్కటే ఈ కథ మొత్తంలో అబద్ధం కానిది. దాన్నీ వాళ్లకి వదిలేస్తావా? వదిలితే నేనూరుకోను.

ఇక్కడ పడుకోలేను. దిండ్లు ఎత్తుగా పెట్టి కూర్చోబెడతారు. కూర్చునే నిద్ర. నిటారుగా, నీ శిష్యుల్లాగ. ఊపిరి పైపైన ఆడి వెనక్కొచ్చేస్తుంది, మన కొండ మీద తాళమేసిన ఇంటి దాకా వెళ్లి తిరిగొచ్చినట్టు. లోపలికి ఎంతవరకు పోయేదో మర్చిపోయాను.

రావచ్చా అని అడుగుతున్నావు. రా. నేర్పడానికి రాకు, మొక్కడానికి రాకు. పొద్దున్నే రా, కిటికీ వైపు గాలి బాగుంటుంది. నా పక్కన కూర్చుని పీల్చు, గుండెల నిండా, పొట్ట దాకా, నీకు వచ్చినంతా. నేను కళ్లు మూసుకుని వింటాను.

మన ఇంట్లో ఒక్కరైనా పూర్తిగా పీల్చాలి.

నీ భులా
సోబన్